కొల్లేటి సీమలో నొక యాటగాఁడు



ఆటను గూర్చి మన పెద్దలు రెండు తీరుల మాటలు చెప్పియున్నారు. జూదమున ధర్మరాజు రాజ్యమును, నలుఁడు నిషధదేశమును గోలుపోయిన కథలు చెప్పి బాలురను హెచ్చరించినవారు వారే. ముక్కోటి యేకాదశినాఁటి రాత్రి జాగరమునకై వైకుంఠపాళి పటమును పఱచి మనుమరాండ్రను పిలిచినవారును వారే. అష్టాచెమ్మ, వామనగుంటలు, పులిజూదము, పచ్చీసు ఎఱుఁగని తెలుఁగు లోఁగిలి యుండెడిది కాదు. కావున ఆట మంచిదా, చెడ్డదా యను ప్రశ్న క్రొత్తది కాదు. ఆట యున్న చోటు మాత్రము మాఱినది. అరుఁగు మీఁదనుండి యది యఱచేతిలోని ఫోనులోనికి వచ్చి కూర్చున్నది. అరుఁగు మీఁది యాటను తల్లి పని చేసికొనుచునే చూడఁగలిగెడిది. అఱచేతిలోని యాట యామెకుఁ గానరాదు. నేఁటి తల్లుల భయమున కిదియే ముఖ్యకారణమని మాకుఁ దోఁచుచున్నది.

మా వారు తాడేపల్లిగూడెమున నుపాధ్యాయులు. గడచిన సంక్రాంతి సెలవులకు మా పెద్దాడుబిడ్డగారి కుమారుఁడు మా యింటికి వచ్చెను. పదవ తరగతి చదువుచున్నాఁడు. వానిని రైలెక్కించి, మా వదినగారు ఫోనులో మాతో నిట్లనిరి: "అమ్మాయీ, వీఁడు వీడియో గేములు తప్ప మఱియొకటి యెఱుఁగఁడు. మీ అన్నయ్యగారు విసిగి, పండుగ వెళ్ళఁగానే వాని కంప్యూటరును అమ్మివేసి, వేసవి తరువాత దూరపు వసతికళాశాలలోఁ జేర్పింతు ననుచున్నారు. మీరు నాలుగు దినములు కనిపెట్టి చూడుఁడు. వీనికిఁ బట్టినది వ్యసనమా, వేడుకయా చెప్పుఁడు. తమ్ముని మాట యనిన ఆయన వినును." ఒక బాలుని రెండేండ్ల జీవితము మా మాటపై నానియున్నదని తెలిసి మేము, మా వారును గొంత కలఁత పడితిమి.

మొదటి దినమున మేము వాని దినచర్యను మాత్రము గమనించితిమి. ప్రొద్దున ఆఱు గంటలకు లేచెను. మామయ్యతోఁ గూడ లెక్కలు చేసెను. మధ్యాహ్నము రెండు గంటలు ఆటలోఁ గూర్చుండెను. పిదప గళ్ళ కాగితముల పుస్తకమును దీసి దానిపై రంగు పెన్సిళ్ళతో గళ్ళు నింపుచుండెను. మేము ముగ్గుచుక్కలు పెట్టు పుస్తకము కాఁబోలు ననుకొని చూడఁగా, అది వాఁడాడిన యాటలలోని యూళ్ళకును, కొండలకును పటములు! ఆటలను చేసినవారి కథలు వానికి కంఠస్థములు. జపానులోని క్యోటో నగరమున 1889వ సంవత్సరమునఁ బూలబొమ్మల పేకముక్కలు చేయుటకై పుట్టిన నింటెండో యను సంస్థయే, నూఱేండ్లు గడవక మునుపే మారియో యాటను లోకమున కిచ్చెనఁట. ఆ యాటను గల్పించిన మియమోతో యనునాయన చిన్ననాఁడు తన గ్రామము చుట్టునున్న కొండలలో, గుహలలోఁ దిరిగిన యనుభవమే 1986లో వచ్చిన జెల్డా యను నాటకు మూలమైనదఁట. పురుగులను బట్టి పోగుచేయు సరదా గల తజిరి యను బాలుఁడు పెద్దవాఁడై, 1996లోఁ బోకెమాను ఆటను గల్పించెనఁట. "అత్తయ్యా! వీరందఱు బయటఁ దిరిగి చూచినదే లోపలఁ బెట్టిరి" అని వాఁడు చెప్పినప్పుడు మాకొక యూహ తట్టినది.

వానికి మిక్కిలి ప్రియమైన యాట మైన్‌క్రాఫ్ట్ అనునది. 2011లోఁ బూర్తిరూపమున వెలువడిన స్వీడను దేశపు టాట. దానిలో శత్రువులను జంపుటకంటె నిర్మించుటయే ముఖ్యము. లోకమంతయు ఘనాకారపు దిమ్మెలతో నేర్పడియుండును. ఒక్కొక్క దిమ్మె నిడివి ఒక మీటరు. ఆ దిమ్మెలను ద్రవ్వి, పేర్చి, ఇండ్లు, కోటలు, ఏఱులు కట్టవచ్చును. మావాఁడు దానిలోఁ గొల్లేటిని గట్టఁ బూనుకొన్నాఁడు. కొల్లేటి వన్యప్రాణి రక్షణప్రదేశము 308 చదరపు కిలోమీటర్లు. మీటరున కొక దిమ్మె చొప్పున 30 కోట్ల 80 లక్షల దిమ్మెలు కావలెను. అది యసాధ్యమని, నూఱు మీటర్ల కొక దిమ్మె చొప్పున లెక్క వేసి, 30,800 దిమ్మెలకుఁ గుదించుకొన్నాఁడు. లెక్కలో మా వారికిఁ దప్పు దొరకలేదు.

కాని నీటికడ వాని పని యాగిపోయినది. ఆ యాటలో నీటికి విచిత్రధర్మము లున్నవి. సమతలముపై నీరు తన యూటనుండి యేడు దిమ్మెల దూరము పాఱి నిలిచిపోవును. ఒక మెట్టు దిగినచో మఱల నేడు పాఱును. రెండూటలను నడుమ నొక దిమ్మె యెడమిచ్చి యుంచిన, ఆ నడుమ మూఁడవ యూట తానే పుట్టును. ఎంత తోడినను దఱుగదు. "కొల్లేటిలోనికి వచ్చు నీరేది? పోవు నీరేది? పటములోఁ గీఁత లున్నవి గాని, అది యెట్లు కదలునో నాకుఁ దెలియదు" అని వాఁడనెను. ఏఁబది కిలోమీటర్ల దూరమున నున్న దానిని ఫోనులో వెదకుట యేల? పోయి చూతమని మేము నిశ్చయించితిమి. మా వారికి బడిపని యుండుటచే, పరిచయస్థురాలగు పొరుగింటి యామెను దోడు గొని మువ్వురమును బయలుదేఱితిమి.

తాడేపల్లిగూడెము స్టేషనులోఁ బాసింజరు బండి యెక్కితిమి. రెండవ ప్రపంచయుద్ధకాలమున నీ యూరఁ గట్టిన విమానపు దారిని గూర్చి చెప్పఁగా, "ఈ యూరికి యుద్ధమునకు నేమి సంబంధ" మని వాఁ డాశ్చర్యపడి పుస్తకమున వ్రాసికొనెను. భీమడోలు, దెందులూరు దాఁటువఱకు నిరుప్రక్కల నాట్లు వేసిన దాళ్వా చేలు, వాని గట్ల వెంబడి కొబ్బరిచెట్లు, చేపల చెఱువులు. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరిలోను, ఏలూరు తన పేరఁ గల క్రొత్త జిల్లాలోను నున్నవి. నీటికి మాత్ర మీ యెల్లలు పట్టవు. గోదావరి నీటిని దెచ్చు కాలువయు, కృష్ణ నీటిని దెచ్చు కాలువయు నేలూరనే కలియును. 1852 నాఁటికి ధవళేశ్వరపు టానకట్టను ముగించిన కాటనుదొరగారి పుణ్యమున నీ రెండు నదుల సీమలు నొకటే పొలమువలెఁ బండుచున్నవి. తమ్మిలేరు ఊరి ప్రక్కగాఁ బాఱి కొల్లేటఁ బడును. మావాఁడు వంతెనపై నిలిచి, నీరు పాఱు దిక్కును జూచి, పటములో మొదటి బాణపు గుర్తును వేసెను.

ఏలూరు తివాచీలకుఁ బ్రసిద్ధి కెక్కిన యూరు. మహమ్మదీయ ప్రభుత్వకాలమునఁ బారసీక దేశమునుండి వచ్చిన నేతగాండ్రు తెచ్చిన విద్య యిది యని చెప్పుదురు. పని పూర్వమంత లేదు గాని, తంగెళ్ళమూడిలో నొక యింట మగ్గము చూడఁగలిగితిమి. నిలువుగాఁ బడుగు బిగించి, ఉన్నిదారమును ముడి వెంట ముడి వేయుచు, ఒక్కొక్క వరుసను దువ్వెనతో గ్రుద్ది, కత్తెరతో సమము చేయుచుండిరి. ఎదుట గళ్ళ కాగితముపై నమూనా వ్రేలాడుచున్నది. ఒక గడికి నొక ముడి. ఆ గడిలోని రంగే ముడి రంగు. మావాఁడు కన్ను లింతింతలు చేసికొని, "అత్తయ్యా! నా ఆటలలోని బొమ్మలును నిట్లే. 1985 నాఁటి మారియో యాటలో యంత్రమునకు జ్ఞాపకశక్తి చాలక, ఒకే గళ్ళబొమ్మకుఁ దెల్లరంగు వేసి మేఘమనిరి, ఆకుపచ్చ వేసి పొద యనిరి" అని చెప్పెను. ఆ మాట విని నేఁత నేయు పెద్దమ్మ నవ్వి, "మేమును అంతే నాయనా! ఒకే పువ్వు, నడుమ నెఱ్ఱన, అంచున నీలము" అనెను. ఆ యిరువురును గొంతసేపు తమలోఁ దాము మాటాడుకొనిరి. ఆమెకు వీడియో గేము తెలియదు. వానికి మగ్గము తెలియదు. గళ్ళ కాగిత మిరువురికిని దెలియును.

మఱునాఁడు ఏలూరునుండి కైకలూరు దారిఁ బట్టితిమి. సోదరీమణులారా, కొల్లేటిని గూర్చి కావ్యములలోఁ జదివి యూహించుకొన్నది వేఱు. కనులకుఁ గనఁబడునది వేఱు. దండి తన దశకుమారచరిత్రమున నాంధ్రనగరము చెంతఁ బక్షులతో నిండిన మహాసరస్సును వర్ణించెను. పదుమూఁడవ శతాబ్దమునఁ గేతన యా గ్రంథమును దెనిఁగించెను. ఆ సరస్సు కొల్లేరే యనియు, ఆ నగరము నేఁటి పెదవేగి యగు వేంగియనియుఁ బలువురు పండితుల యభిప్రాయము. ఇప్పుడు దారి కిరువంకల ముందు గనఁబడునవి చేపల చెఱువుల గట్లు. ఆవలఁ గిక్కిసగడ్డి, నడుమ గుఱ్ఱపుడెక్క, అచ్చటచ్చటఁ దామరలు. లంకగ్రామముల చెంతఁ దాటిదోనెలు తలక్రిందులుగా నెండుచున్నవి. ఇండ్ల ముందు వలలు, ఊతలు. శీలావతి, బొచ్చె చేపలను మంచుపెట్టెలలో నింపుకొని లారీలు పోవుచున్నవి.

ఈ చెఱువుల కథ తెలియనిదే కొల్లేరు తెలియదు. 1970వ దశాబ్దపు చివరినుండి సరస్సు గర్భమునఁ జేపల పెంపకపుఁ జెఱువులు పెరిగినవి. లంకవాసుల కవి జీవనమైనవి, సరస్సునకు సంకెలలైనవి. 1999లో ప్రభుత్వము వన్యప్రాణి రక్షణప్రదేశముగాఁ బ్రకటించెను. 2002లో రాంసారు ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలలలోఁ గొల్లేరు చేరెను. 2006లో గట్లను బగులఁగొట్టి పెక్కు చెఱువులను దొలఁగించిరి. ఆ నాఁడు జీవనము పోయినదని దుఃఖించిన కుటుంబము లెన్నియో. దోనె నడుపుచున్న ముసలాయన నడిగితే, "పక్షులకును జోటు కావలె, మా పిల్లలకును గూడు కావలె తల్లీ! రెండింటికిఁ దగిన లెక్క యెవరు వేసినను మాకు సమ్మతమే" అనెను. ఈ మాటను మావాఁడు పుస్తకమున మార్చక వ్రాసికొనెను.

కైకలూరు చేరువనే యాటపాక పక్షికేంద్రమున్నది. గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు చెట్లపైనను, అటవీశాఖవారు నిలిపిన యినుప మంచెలపైనను గూళ్ళు కట్టుకొనియున్నవి. గూడబాతు ముక్కుక్రింది సంచిని జూచి తోడు వచ్చిన యామె, "ఇది కూరగాయలకుఁ బోవునప్పుడు మనకుండవలసినది" అనఁగా నందఱము నవ్వితిమి. 1946లోఁ గే. కే. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుఁ డీ కొల్లేటి ప్రాంతమున సుమారు మూఁడు వేల గూడబాతులు గూళ్ళు కట్టిన తావును గనుఁగొని లోకమునకుఁ దెలిపెను. 1975 ప్రాంతమున నా నెలవు మాయమైనది. ఎన్నో యేండ్లకు మఱల వచ్చి నిలిచిన పక్షుల నిప్పుడాటపాకలోఁ జూచుచున్నాము. దోనెలో నొక గంటసేపున్నంతలో మావాఁడు ఫోనును నొక్కసారియే వెలికిఁ దీసెను. అదియును బక్షుల కూఁతలు పట్టుకొనుటకు. తన యాటలోని సరస్సులో నిజమైన కూఁతలే వినఁబడవలెనఁట.

నీటి విషయము నాఁటి మధ్యాహ్నము తేలినది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు — ఇవియు, పెక్కు మురుగుకాలువలును గొల్లేటిలోనికి వచ్చును. పోవుట కుప్పుటేరొక్కటియే, సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతమునఁ గలియును. మావాని లెక్కలో నది 600 దిమ్మెలు. ఏడింటికొక మెట్టు చొప్పున దాదాపు 86 మెట్లు దింపిననే గాని యాటలో నీరు సముద్రము చేరదు. కాని కొల్లేరు సముద్రమట్టమున కెత్తు కొలఁది యడుగులే! వాఁడు కలము క్రిందఁ బెట్టి, "అత్తయ్యా! వాలు లేదు. అందుకే నీరు మెల్లఁగాఁ బోవును. పోటు వచ్చిన ఉప్పునీ రెదురెక్కును. నడుమ గట్లు వేసిన నిఁక నెటు పోవును?" అనెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని యిండ్లలో నీరు నిలిచిన సంగతి మీకందఱకుఁ దెలియును. ఆ నీరు చేరవలసిన తావును గొల్లేరే. ఆట తన కడ్డుపడిన చోటనే మావాని కీ సీమ యసలు సంకటము తెలిసినది. పెద్దలు చెప్పిన పాఠ మింతగా నాటియుండునా యని సందేహము.

ఇదియంతయుఁ జదివి, ఆటలో దోషమే లేదని మేము చెప్పుచున్నామని తలఁపవలదు. నాఁటి రాత్రి కైకలూరున బంధువులయింట బస చేసితిమి. ఎనిమిదింటికి వాఁడు ఫోను చేతఁబట్టి, దూరముననున్న మిత్రులతో జట్టు కట్టి వేఱొక యాట మొదలిడెను. వడ్డించి మూఁడుసార్లు పిలిచినను లేవలేదు. నాలుగవసారి కసరెను. ఇంటి యిల్లాలు చిన్నఁబుచ్చుకొనెను. తొమ్మిదిన్నరకు లేచి వచ్చినప్పుడు కన్ను లెఱ్ఱగా నుండెను; ఆఁకలి తెలియలేదనెను. మా వదినగారి భయము నిష్కారణము కాదని యప్పుడు తెలిసినది. ఆటల వ్యసనమును ప్రపంచ ఆరోగ్యసంస్థ తన రోగముల పట్టికలో 2019లోఁ జేర్చెను. 2022నుండి యది యమలులో నున్నది. దానికి వారు చెప్పిన గుర్తులు మూఁడు: ఆటను తన యదుపులో నుంచుకొన లేకుండుట, తక్కిన పనులన్నిటికంటె నాటనే మిన్నగా నెంచుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట. ఇవి సాధారణముగాఁ బండ్రెండు మాసములు నిలిచి, చదువునకుఁ, గుటుంబమునకు భంగము కల్గించిననే వ్యసనమందురు. ఒక రాత్రి మొండితనము రోగము గాదు. కాని రోగమునకుఁ బోవు దారి యా గుమ్మము మీఁదుగనే యున్నది.

ప్రొద్దున వానిని జేరఁబిలిచి, "నాయనా, నిన్న నేల లేవలేదు?" అని యడిగితిమి. "నడుమ లేచినచో నా జట్టువా రోడిపోదురత్తయ్యా! ఆట నలువురిది" అని తలవంచుకొనెను. వానిది మాట తప్పరాదను బుద్ధియే. అందుచే మేము, "జట్టునకు మాట యిచ్చుటకు ముందు వంటింటిని నడుగవలదా? భోజనమైన పిమ్మట మొదలిడి, తొమ్మిదింటికి ముగియునంత యాటకే మాట యిమ్ము" అంటిమి. వాఁ డొప్పుకొని, ఇంటి యిల్లాలికడకుఁ బోయి, "పిన్నిగారూ, క్షమింపుఁడు" అనెను. ఆమె రెండు గారెలు హెచ్చుగా వడ్డించెను.

ఇంకొక భేదమును మన మెఱుఁగవలెను. తిరిగి వచ్చుదారిలోఁ బండుగనాఁటి కోడిపందెపు బరులు కనఁబడినవి. అచ్చట నాడునది కోడి, ఓడునది సంసారము. ఫోనులలోను నట్టివే యుండెడివి. రమ్మీ మొదలగువానిని 2020లోఁ మన రాష్ట్రప్రభుత్వము నిషేధించెను. 2025 ఆగస్టులోఁ గేంద్రప్రభుత్వము డబ్బు పెట్టి యాడు నంతర్జాలపు టాటల నన్నిటిని నిషేధించుచుఁ జట్టము చేసెను. ఆ చట్టమే పందెములేని పోటీయాటలను గుర్తించినది. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో వీడియో గేములకుఁ బతకము లిచ్చిరి. కొల్లేటి కెదుటిదరి సీమయగు గుడివాడలోఁ బుట్టిన కోనేరు హంపి పదునైదవ యేట, 2002లోఁ జదరంగమున గ్రాండ్‌మాస్టరై, 2019లోను, 2024లోను వేగచదరంగమునఁ బ్రపంచవిజేత యయ్యెను. చదరంగమును జూదముతోఁ గట్టివేసి బాలికకు దూరము చేసియుండిన, ఆ కీర్తి మనకుఁ దక్కునా? కావున మీ పిల్లవాఁడేమి యాడుచున్నాఁడో ప్రక్కఁ గూర్చుండి చూడుఁడు. డబ్బు పోవుచున్నదా, నిద్ర పోవుచున్నదా, మాట పోవుచున్నదా యని మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు.

ఇల్లు చేరి మేము వదినగారికి ఫోను చేసితిమి. "వదినగారూ, వీనికిఁ బట్టినది వేడుక. దానికి హద్దు కావలె, తాళము వలదు. కంప్యూటరును హాలులోనికి మార్చుఁడు. మార్చి పరీక్షలు ముగియువఱకు దినమున కొక గంట. జట్టాట ఆదివారము మాత్రమే. అన్నయ్యగారు వారమునకొక సాయంకాలము వాని ప్రక్కఁ గూర్చుండి, కొల్లేటి నీటిని గూర్చి యడుగవలెను" అంటిమి. ఆయన తానే ఫోనందుకొని, "నీరా? ఏమి నీరమ్మా?" అని యడిగిరి. మేము ఫోనును బాలుని చేతి కిచ్చితిమి. తండ్రికి బుడమేటినుండి ఉప్పుటేటివఱకుఁ జెప్పుటకు వానికి ముప్పాతిక గంట పట్టినది. కంప్యూటరు నమ్ముట యిప్పటికి నిలిచినది. వసతికళాశాల మాట పరీక్షాఫలములు వచ్చిన తరువాత నాలోచింతమని యాయన యనిరి.

మావాని యాటలోఁ గొల్లే రింకను బూర్తి కాలేదు. గట్లు కట్టుట సులభమేయఁట. నీటికి దారి విడుచుటయే కష్టమఁట. పరీక్షలు ముగియఁగానే యుప్పుటేటి వెంబడి సముద్రమువఱకుఁ దీసికొని పోవుదుమని వానికి మాట యిచ్చితిమి.